డిస్కూ బాగానే ఉంది, ప్లేయరూ బాగానే ఉంది: మరి ప్లే ఎందుకు కాదు?

క్లుప్తంగా: సీడీ, డీవీడీ, బ్లూ-రే ఏదైనా సరే, ప్లే కాలేదంటే తప్పంతా డిస్కుదో, అంతా ప్లేయరుదో కావడం అరుదు. ఆ డిస్కు తిరిగి పంపే వెలుతురు ఆ ప్లేయరుకు చాలకపోవచ్చు. వెలుతురు చాలినా, దాని మీది రాత పద్ధతి ప్లేయరుకు తెలియకపోవచ్చు. అదీ తెలిసినా తాళాలు అడ్డుపడవచ్చు. ఇవేవీ లేకపోయినా కాలం రెండింటినీ కొద్దికొద్దిగా తినేస్తుంది. తప్పుల్ని సరిదిద్దే గణితం ఆ నష్టాన్ని చివరి దాకా కప్పి ఉంచుతుంది. కాబట్టి 'నిన్నటి దాకా బాగానే ఆడింది' అన్నది డిస్కు ఆరోగ్యానికి రుజువు కాదు.

డిస్కుల కాలం అయిపోయిందని చాలామంది అనుకుంటున్న సమయంలోనే ఈ సందేహం మళ్లీ పైకొచ్చింది. 2018లో ఒప్పో ప్లేయర్ల తయారీ నుంచి తప్పుకుంది. 2019లో శామ్‌సంగ్ అమెరికా మార్కెట్‌కు కొత్త బ్లూ-రే ప్లేయర్లు తేబోమని చెప్పింది. 2024 చివర్లో ఎల్‌జీ తన 4కే బ్లూ-రే ప్లేయర్లను ఆపేసింది. 2025 ఫిబ్రవరితో సోనీ రాసుకునే బ్లూ-రే డిస్కుల తయారీని ముగించింది. అల్మారాలో వందల డిస్కులు ఉన్నవాళ్లకు ఈ వార్తలన్నీ కలిసి ఒకే ప్రశ్న వేస్తున్నాయి: ఇప్పుడున్న ప్లేయరు పోతే, వచ్చే ప్లేయరు వీటిని చదువుతుందా? జవాబు ఫార్మాట్ పేరులో దొరకదు. డిస్కుకూ ప్లేయరుకూ మధ్య ఎంత వెసులుబాటు మిగిలి ఉందన్న దాని మీద అది ఆధారపడుతుంది.

## మూడు తరాలు, మూడు రంగుల వెలుతురు

పైకి మూడూ ఒకటే: 12 సెంటీమీటర్ల వెడల్పు, 1.2 మిల్లీమీటర్ల మందం, మధ్యలో రంధ్రం. లోపలి లెక్కలు మాత్రం దేనికవే. 1982లో అమ్మకానికి వచ్చిన సీడీని 780 నానోమీటర్ల పరారుణ లేజరు చదువుతుంది. దాని మీద సర్పిలంగా తిరిగే గాడి వరుసల మధ్య దూరం 1.6 మైక్రోమీటర్లు. 1996లో వచ్చిన డీవీడీకి 650 నానోమీటర్ల ఎర్ర లేజరు కావాలి. వరుసల మధ్య దూరం 0.74 మైక్రోమీటర్లు. 2006లో దుకాణాలకు చేరిన బ్లూ-రేకి 405 నానోమీటర్ల నీలి-ఊదా లేజరు. అక్కడ దూరం 0.32 మైక్రోమీటర్లు. వెలుతురు తరంగం పొట్టిదయ్యేకొద్దీ, కటకం పదునెక్కేకొద్దీ చుక్క చిన్నదవుతుంది. చుక్క చిన్నదైతే అదే జాగాలో ఎక్కువ రాయవచ్చు. 700 ఎంబీల నుంచి 4.7 జీబీలకు, అక్కడి నుంచి 25 జీబీలకు ఎదుగుదల వచ్చింది ఇలాగే.

అంతగా చర్చకు రాని తేడా ఒకటుంది: సమాచారం ఏ లోతులో ఉందన్నది. సీడీలో లేజరు 1.2 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ దాటి, అడుగున సమాచారాన్ని మోసే చిన్న గుంటల్ని చేరాలి. డీవీడీ అంటే 0.6 మిల్లీమీటర్ల పలకలు రెండు అతికించినది, సమాచారం నట్టనడుమ ఉంటుంది. బ్లూ-రేలో పై పొర మందం 0.1 మిల్లీమీటరే. ఒక లోతుకు తీర్చిన కటకం ఇంకో లోతులో సరిగ్గా కేంద్రీకరించలేదు. అందుకే 'అన్నీ చదివే' ప్లేయరు తలలో రెండు మూడు లేజర్లు, వాటికి సరిపడే కటకాల అమరిక ఉంటాయి. పాతవాటిని చదవడం అన్నది కొత్త ఫార్మాట్‌కు పుట్టుకతో వచ్చిన గుణం కాదు. తయారీదారు అదనంగా పెట్టిన భాగం అది, పెట్టకపోతే లేదు. 2006 నాటి తొలి బ్లూ-రే ప్లేయర్లలో మామూలు సీడీ చదవలేనివీ ఉన్నాయి. ప్లేస్టేషన్ 4, ప్లేస్టేషన్ 5 బ్లూ-రేని, డీవీడీని చదువుతాయి కానీ పాటల సీడీ పెడితే పలకవు.

లోతు తక్కువ కావడానికి ఇంకో మూల్యం ఉంది. సీడీ ఉపరితలాన్ని తాకే చోట లేజరు పుంజం వెడల్పు దాదాపు ముప్పాతిక మిల్లీమీటరు. లోపలికి దిగుతూ అది సన్నబడుతుంది. బ్లూ-రే మీద అదే పుంజం ఉపరితలం దగ్గరే 0.14 మిల్లీమీటర్లకు కుదించుకుపోయి ఉంటుంది. సుమారు 0.07 మిల్లీమీటర్ల మందమున్న తల వెంట్రుక ఒకటి డిస్కుకు అంటుకుందనుకోండి. సీడీ మీద అది పుంజంలో ఎనిమిదో వంతును అడ్డుకుంటుంది, ప్లేయరుకు దాని ఊసే తెలియదు. బ్లూ-రే మీద అదే వెంట్రుక పుంజంలో సగానికి పైగా మింగేస్తుంది. మొదట్లో బ్లూ-రేని ప్లాస్టిక్ తొడుగులో పెట్టి అమ్మాలని చూసింది ఈ భయంతోనే. గీతలు పడని గట్టి పూత సిద్ధమయ్యాకే డిస్కు విడిగా బయటికొచ్చింది. బ్లూ-రే మీద గీతలు తక్కువ కనిపించడానికి కారణం ఆ పూతే. పడిన గీతను ఓర్చుకోవడంలో మాత్రం సీడీదే పైచేయి.

## 'నో డిస్క్' అనే ముందు జరిగేది

ట్రే మూసుకున్నాక వినిపించే చిన్న చప్పుళ్లు చాలా చెబుతాయి. ముందు కటకం కిందికీ పైకీ కదులుతుంది. అలా కదిలేటప్పుడు ఏ ఎత్తులో వెలుతురు బలంగా తిరిగొచ్చిందో, ఎన్నిసార్లు వచ్చిందో ప్లేయరు లెక్కపెడుతుంది. ఉపరితలానికీ సమాచారపు పొరకూ మధ్య దూరాన్ని బట్టి అది సీడీయా, డీవీడీయా అన్నది తేలుతుంది. పొరలు ఎన్నో కూడా అప్పుడే తెలుస్తుంది. తర్వాత మోటారు వేగం అందుకుంటుంది, లేజరు తల లోపలి అంచుకు పోయి అక్కడి విషయసూచికను చదువుతుంది. అది దొరికితేనే తెర మీద పాటల సంఖ్య కనిపిస్తుంది.

ఏ మెట్టు దగ్గర ఆగిందో గమనిస్తే రోగం సగం తెలిసినట్టే. డిస్కు తిరగనే తిరగలేదంటే ప్లేయరుకు తొలి వెలుతురే అందలేదని అర్థం. తిరుగుతూ, ఆగుతూ, మళ్లీ తిరుగుతూ ఉంటే పొర కనబడుతోంది గానీ సూచిక చదవలేకపోతోంది. సూచిక వచ్చి చివరి పాటల దగ్గరో, సినిమా రెండో సగంలోనో తడబడితే అనుమానం డిస్కు బయటి అంచు మీదికి పోవాలి: రాత లోపలి నుంచి బయటికి సాగుతుంది, చేతివేళ్లు, గీతలు, వంపు అన్నీ మొదట తగిలేది బయటి అంచుకే.

## రాసుకునే డిస్కులు: అసలు చిక్కంతా ఇక్కడే

ఫ్యాక్టరీలో అచ్చువేసిన డిస్కుకూ, డ్రైవులో రాసుకున్న డిస్కుకూ పేరు ఒకటే కావచ్చు, వస్తువు మాత్రం వేరు. అచ్చు డిస్కులో నిజమైన గుంటలుంటాయి. ఒక్కసారే రాయగల సీడీ-ఆర్‌లో ఉండేది లేజరు వేడికి రంగు మారిన పూత. చెరిపి మళ్లీ రాయగల సీడీ-ఆర్‌డబ్ల్యూలో ఉండేది స్ఫటిక రూపానికీ స్ఫటికం కాని రూపానికీ మధ్య అటూ ఇటూ మారగల లోహ మిశ్రమం. ఇవన్నీ 'గుంటలాగా కనిపించేలా' నటిస్తాయి. ఆ నటన అన్ని ప్లేయర్ల దగ్గరా ఒకేలా నడవదు.

అంకెలు చూస్తే విషయం తేటపడుతుంది. అచ్చు సీడీ తన మీద పడిన లేజరు వెలుతురులో కనీసం 70 శాతాన్ని తిప్పి పంపాలన్నది నిబంధన. సీడీ-ఆర్ దానికి దగ్గరగా, 65 శాతం మీద నిలుస్తుంది. సీడీ-ఆర్‌డబ్ల్యూ తిప్పి పంపేది 15 నుంచి 25 శాతమే. 1997లో అది వచ్చేనాటికి ఇళ్లలో ఉన్న ప్లేయర్లలో చాలావాటికి అంత మసక వెలుతురును పెంచి చదివే ఏర్పాటు లేదు. వాటి దృష్టిలో ట్రే ఖాళీగా ఉన్నట్టే లెక్క.

తొలి డీవీడీ ప్లేయర్లు సీడీ-ఆర్ దగ్గర తడబడిన కథ ఇంకా చిత్రమైనది. అచ్చు సీడీని ఎర్ర లేజరుతో కూడా ఎలాగో చదవవచ్చు, ఎందుకంటే అల్యూమినియం పొరకు వెలుతురు రంగుతో పనిలేదు. సీడీ-ఆర్‌లోని రంగు పూతను మాత్రం 780 నానోమీటర్ల వెలుతురు కోసమే తయారుచేశారు. 650 దగ్గర ఆ పూత వెలుతురును తిప్పి పంపడం మాని పీల్చేసుకుంటుంది. కాబట్టి ఒకే లేజరున్న ప్లేయరులో దుకాణంలో కొన్న పాటల సీడీ చక్కగా మోగేది, అవే పాటలతో రాసుకున్న సీడీ అసలు కనిపించేదే కాదు. పరారుణ లేజరును కూడా జతచేశాకే ఆ ఇబ్బంది తీరింది.

డీవీడీల కాలంలో దీనికి వర్గపోరు తోడైంది. 1997లో పయనీర్ తెచ్చిన రాసుకునే డీవీడీ రకం 'మైనస్ ఆర్' (DVD-R)ను డీవీడీ ఫోరం అనే కంపెనీల సంఘం తనదిగా నిలబెట్టింది. దానికి పోటీగా ఫిలిప్స్, సోనీ తదితర సంస్థల కూటమి 2002లో 'ప్లస్ ఆర్' (DVD+R)ను తెచ్చింది. రాసేటప్పుడు లేజరు దారి తప్పకుండా చూసే గుర్తులు ఒక్కోదానిలో ఒక్కోలా ఉంటాయి: మైనస్‌లో గాళ్ల నడుమ చిన్న గుంటలు, ప్లస్‌లో గాడి అలలోనే ఇమిడిన చిరునామా. చదివేటప్పుడు ఈ తేడా పెద్దగా లెక్కలోకి రాకూడదు. వచ్చింది, ఎందుకంటే కొన్ని ప్లేయర్లు డిస్కు మొదట్లో ఉండే రకం గుర్తును చూసి, తెలియని రకమైతే ముందుకు పోయేవి కావు. ప్లస్ ఆర్ డిస్కు మీద ఆ గుర్తును 'అచ్చు డీవీడీ' అని మార్చి రాసే వెసులుబాటు చాలా డ్రైవుల్లో ఉండేది. ఆ చిన్న మార్పుతోనే మొండికేసిన ప్లేయర్లు లొంగిన సందర్భాలు ఎన్నో. రీరైటబుల్ డీవీడీలది ఇంకో అవస్థ. అవి తిప్పి పంపే వెలుతురు 18 నుంచి 30 శాతం. రెండు పొరల అచ్చు డీవీడీదీ సరిగ్గా అంతే. దాంతో కొన్ని పాత ప్లేయర్లు ఆర్‌డబ్ల్యూని రెండు పొరల డిస్కు అనుకుని, లేని రెండో పొర కోసం వెతుక్కునేవి.

బ్లూ-రే వచ్చాకా ఇదే వరస. చవకగా చేయడానికి రంగు పూత వాడిన ఎల్‌టీహెచ్ రకం బ్లూ-రే డిస్కులు 2008లో వచ్చాయి. అప్పటికే అమ్ముడైన ప్లేయర్లలో కొన్ని తమ ఫర్మ్‌వేర్ (యంత్రంలోనే ఉండే సాఫ్ట్‌వేర్) మార్చుకుంటే గానీ వాటిని చదవలేదు. 100 జీబీలు, 128 జీబీలు పట్టే బీడీఎక్స్‌ఎల్ డిస్కులు 2010లో వచ్చాయి. పాత డ్రైవులకు మూడో పొర, నాలుగో పొర అన్నవే తెలియవు.

రాసే డ్రైవు పాత్ర కూడా చిన్నది కాదు. ప్రతి ఖాళీ డిస్కు మీద తయారీదారు, పూత రకం తెలిపే సంకేతం ముందే అచ్చై ఉంటుంది. డ్రైవు దాన్ని చదివి, తన ఫర్మ్‌వేర్‌లోని పట్టికలో వెతికి, ఆ పూతకు లేజరు ఎంత బలంగా, ఎంతసేపు వెలగాలో తీసుకుంటుంది. పట్టికలో ఆ డిస్కు లేకపోతే సాధారణ అంచనాతో రాస్తుంది. అందుకే ఒకే పెట్టెలోని డిస్కులు ఒక డ్రైవులో చక్కగా, పక్క డ్రైవులో అధ్వానంగా రావచ్చు. డిస్కు బ్రాండును తిట్టే ముందు ఈ జోడీని చూడాలి.

చివరగా, ముగింపు రాయని డిస్కు. రాత పూర్తయ్యాక ఫైనలైజ్ చేయకపోతే మొదట్లో ఉండాల్సిన సూచిక, చివర ఉండాల్సిన సరిహద్దు రెండూ ఉండవు. రాసిన డ్రైవుకు అది ఎక్కడ ఆగిందో తెలుసు కాబట్టి చదువుతుంది. మిగతా ప్లేయర్లకు అదొక ఖాళీ డిస్కు. 'నా కంప్యూటర్‌లో వస్తోంది, టీవీ దగ్గర రావట్లేదు' అన్న ఫిర్యాదు వస్తే మొదట చూడాల్సింది ఇదే. రెండోది: అది నిజంగా వీడియో డిస్కేనా, లేక వీడియో ఫైళ్లు పడేసిన డేటా డిస్కా అన్నది. ప్లేయరుకు ఈ రెండూ ఒకటి కావు.

## ప్రమాణం తప్పినా పేరు మారని డిస్కులు

డిస్కును ఏ ప్లేయరులోనైనా పెట్టవచ్చన్న భరోసా వెనుక ఉన్నది రాతపూర్వకమైన ప్రమాణం. దాన్ని కావాలనే తప్పిన సందర్భాలున్నాయి. 2000 తర్వాత కొన్నేళ్లు కొన్ని పాటల సీడీలను కంప్యూటర్లలో కాపీ కాకుండా ఉండాలని సూచికను, తప్పుల సంకేతాలను వక్రీకరించి అచ్చువేశారు. కారు ప్లేయర్లు, డీవీడీ ప్లేయర్లు లోపల కంప్యూటర్ డ్రైవులాంటివే వాడతాయి కాబట్టి డబ్బిచ్చి కొన్నవాళ్ల దగ్గరే అవి ఆగిపోయాయి. ఆ డిస్కులు సీడీ ప్రమాణానికి లోబడలేదు కనుక వాటి మీద కాంపాక్ట్ డిస్క్ చిహ్నం ఉండకూడదని ఫిలిప్స్ అప్పట్లోనే తేల్చి చెప్పింది. 2005లో సోనీ బీఎంజీ సీడీలు కంప్యూటర్‌లో చెప్పాపెట్టకుండా దాక్కునే సాఫ్ట్‌వేర్‌ను నాటిన వ్యవహారం బయటపడ్డాక ఆ పోకడ కూలిపోయింది.

2004లో వచ్చిన డ్యూయల్ డిస్క్ వేరే దారిలో తప్పింది. ఒకవైపు డీవీడీ, మరోవైపు సీడీ. రెండింటినీ ఒకే మందంలో ఇమిడ్చేందుకు సీడీ వైపు ప్లాస్టిక్‌ను సుమారు 0.9 మిల్లీమీటర్లకు తగ్గించారు, ప్రమాణం 1.2. అయినా మొత్తం మందం 1.5 దాటకుండా ఆపడమే గగనమైంది. కొన్ని ప్లేయర్లు ఆ లోతు తేడాను సర్దుకున్నాయి, కొన్ని సర్దుకోలేదు. డిస్కును నోటితో మింగినట్టు లోపలికి లాక్కునే కారు ప్లేయర్లలో మందం వల్ల ఇరుక్కునే ప్రమాదమూ ఉండేది.

## తాళాలు

డీవీడీలో ప్రపంచాన్ని ఆరు భౌగోళిక ప్రాంతాలుగా, బ్లూ-రేలో మూడుగా విడగొట్టారు. ఒక ప్రాంతపు డిస్కు మరో ప్రాంతపు ప్లేయరులో పడదు. కంప్యూటర్ డ్రైవుల్లో ప్రాంతాన్ని ఐదుసార్లు మార్చుకోవచ్చు, ఆ తర్వాత అది శాశ్వతం. 4కే బ్లూ-రేకి ఈ ప్రాంతాల గొడవ లేదు.

గుప్తలిపి విషయం మరింత లోతైనది. బ్లూ-రే డిస్కుల తాళపుచెవులు ఎప్పటికప్పుడు కొత్తవి వస్తుంటాయి. కంప్యూటర్ ప్లేయర్ సాఫ్ట్‌వేర్‌ను నవీకరించకపోతే పాత సినిమా ఆడుతుంది, నిన్న కొన్నది ఆడదు. డిస్కు కొత్తది కావడమే అక్కడ దోషం. 4కే బ్లూ-రే కంప్యూటర్‌లో ఆడాలంటే ఇంటెల్ ప్రాసెసర్‌లోని ఎస్‌జీఎక్స్ అనే భద్రతా భాగం తప్పనిసరి చేశారు. 2021లో వచ్చిన 11వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్ల నుంచి ఇంటెల్ దాన్ని తీసేసింది. ఫలితంగా ఆ డిస్కులను అధికారికంగా ఆడించడం పాత కంప్యూటర్‌కు చేతనైంది, కొత్తదానికి కాలేదు. లేజరు, కటకం, డిస్కు అన్నీ సవ్యంగా ఉండి కూడా ఒక ఫార్మాట్ ఇలా దారి మూసుకుపోవడం ఈ మొత్తం చరిత్రలో అన్నిటికన్నా ఆందోళన కలిగించే పరిణామం. గీత పడితే రుద్ది బాగుచేయవచ్చు. దీన్ని ఏం చేసినా బాగుచేయలేం.

## గణితం దాచిపెట్టే నష్టం

ఏ డిస్కూ తప్పుల్లేకుండా చదవబడదు. కొత్త సీడీ కూడా అంతే. సీడీ నుంచి సెకనుకు 7,350 చిన్న ముక్కల సమాచారం వస్తుంది. వాటిలో 220 దాకా తప్పులున్నా ప్రమాణం దాన్ని మంచి డిస్కుగానే ఒప్పుకుంటుంది. ఎందుకంటే సమాచారానికి తోడు అదనపు గుర్తులు రాసి, ముక్కల్ని చెల్లాచెదురుగా పేర్చి ఉంచుతారు. ఒకచోట గాడి వెంట రెండున్నర మిల్లీమీటర్ల మేర రాత పూర్తిగా చెరిగినా, ఆ ముక్కలు వేర్వేరు చోట్లవి కావడంతో మిగతావాటి సాయంతో లెక్కగట్టి తిరిగి రాబట్టవచ్చు.

డిస్కును మధ్య నుంచి అంచుకు తుడవమని, గుండ్రంగా తుడవొద్దని చెప్పడంలో మర్మం కూడా ఇదే. అడ్డంగా పడిన గీత ప్రతి వరుసలోనూ వెంట్రుకవాసి ముక్కనే చెరుపుతుంది, గణితం దాన్ని సులువుగా పూడుస్తుంది. గుండ్రంగా, గాడి వెంబడి పడిన గీత ఒకే వరుసను పొడవునా తినేస్తుంది, అది పూడ్చలేని గండి.

ఈ రక్షణకు మరో వైపు కూడా ఉంది. సెకనుకు 20 తప్పులున్న డిస్కూ, 200 తప్పులున్న డిస్కూ వినేవాళ్లకు ఒకేలా ఉంటాయి. ఏళ్ల తరబడి తప్పులు పెరుగుతున్నా చెవికీ, కంటికీ ఏమీ తెలియదు. హద్దు దాటిన రోజున మాత్రం ఒక్కసారిగా తెర గడులు గడులుగా విరిగిపోతుంది. వినైల్ రికార్డు కరకరలాడుతూ ముందే హెచ్చరిస్తుంది, క్యాసెట్ గొంతు మందగిస్తుంది. డిస్కుకు ఆ గుణం లేదు. పాటల సీడీకి చిన్న మినహాయింపు ఉంది: సరిదిద్దలేని చోట ప్లేయరు ముందు వెనకల స్వరాలను చూసి మధ్యదాన్ని ఊహించి పలికిస్తుంది. డేటాలో అలా ఊహించడం కుదరదు కాబట్టే డేటా సీడీలో ప్రతి 2,352 బైట్ల ముక్కలో 2,048 మాత్రమే అసలు సమాచారానికి ఇచ్చి, మిగతాది ఎక్కువగా అదనపు రక్షణకు కేటాయించారు.

తప్పుల సంఖ్యను చూపించే సాఫ్ట్‌వేర్‌లు, వాటికి సహకరించే డ్రైవులు కొన్ని ఉన్నాయి. ఏడాదికోసారి అదే డ్రైవులో అదే డిస్కును కొలిచి పోల్చుకుంటే, పాడవుతున్న డిస్కు పాడయ్యేలోపే దొరుకుతుంది. ముఖ్యమైన డిస్కులున్న ఎవరికైనా వేరే ఏ జాగ్రత్త కన్నా ఇది ఎక్కువ మేలు చేస్తుంది.

## డిస్కు ఎలా పాడవుతుంది

సీడీని తలకిందులుగా బల్ల మీద పెట్టడం చాలామందికి అలవాటు: మెరిసే వైపు పైకి ఉంటే గీతలు పడవని. నిజానికి సీడీలో లోహపు పొర బొమ్మలున్న వైపే ఉంటుంది, దాని మీద ఉండేది పలచటి లక్క పూత, దాని మీద ముద్ర. అంతే. మెరిసే వైపు గీతకూ సమాచారానికీ మధ్య 1.2 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ అడ్డు. బొమ్మ వైపు గీత నేరుగా సమాచారాన్నే గీరేస్తుంది. పాత సీడీని దీపానికి అడ్డుగా పట్టుకుంటే కొన్నిసార్లు సూదిమొనంత వెలుగు చుక్కలు కనిపిస్తాయి. లోహం పోయిన చోట్లవి. పాలిష్ చేసే ఏ యంత్రమూ వాటిని పూడ్చలేదు. డీవీడీలో పొర నడుమన ఉంటుంది గనక ఈ ముప్పు తక్కువ. బదులుగా రెండు పలకల్ని పట్టి ఉంచే జిగురు అక్కడి బలహీనత.

అచ్చు డిస్కుల్లోనూ తయారీ లోపాలు ఆలస్యంగా బయటపడతాయి. ఇంగ్లండ్‌లోని బ్లాక్‌బర్న్‌లో పీడీఓ ఫ్యాక్టరీ 1988 - 1993 మధ్య అచ్చువేసిన సీడీల్లో కొన్ని ఏళ్లు గడిచేకొద్దీ కంచు రంగుకు తిరిగాయి. అట్టలోని గంధకం లక్క పూతను దాటి లోహాన్ని తినేసింది. 2006 నుంచి 2008 మధ్య తయారైన తమ డీవీడీల్లో కొన్నిటికి సమస్యలున్నాయని వార్నర్ సంస్థ 2025లో ఒప్పుకుని, మార్చి ఇస్తామంది. వీటిలో కొన్నవాళ్ల నిర్లక్ష్యం ఏమీ లేదు.

రాసుకునే డిస్కుల్లో మొదటి శత్రువు ఎండ, రెండోది వేడి. రంగు పూతల్లో థాలోసయనిన్ రకం వెలుతురును బాగా తట్టుకుంటుంది, సయనిన్ అంతగా తట్టుకోదు. బ్లూ-రేలో రంగు పూత ఉన్న ఎల్‌టీహెచ్ కన్నా లోహ మిశ్రమం వాడే హెచ్‌టీఎల్ రకమే నిల్వకు తగినది. కొనే ముందు పెట్టె మీద చూడాల్సిన ఒకే ఒక్క మాట అది. రాతిలాంటి పొర మీద చెక్కే ఎం-డిస్క్‌కు వెయ్యేళ్ల ఆయుష్షు అని తయారీదారులు చెప్పారు. ఇలాంటి అంకెలన్నీ డిస్కును అధిక వేడిలో, తేమలో కొన్ని వారాలు ఉంచి, అరుగుదల వేగాన్ని బట్టి కట్టిన అంచనాలు. ఏ పూత ముందు పోతుందో పోల్చడానికి అవి పనికొస్తాయి, సంవత్సరాల లెక్కగా నమ్మడానికి కాదు.

నిల్వకు 4 - 20 డిగ్రీల సెల్సియస్, 20 - 50 శాతం తేమ మంచిదని అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2003లో వెలువరించిన మార్గదర్శకం చెప్పింది. పుస్తకంలా నిలబెట్టి ఉంచమని, అంటించే లేబుళ్లు వద్దని కూడా సూచించింది. లేబుల్ తేమకు ముడుచుకుంటే డిస్కును వంచుతుంది. పక్కకు జరిగి అంటితే వేగంగా తిరిగేటప్పుడు వణికిస్తుంది.

## ప్లేయరు కూడా ముసలిదవుతుంది

చాలా ఇళ్లలో డిస్కు మీద పడే నింద నిజానికి ప్లేయరుది. లేజరు డయోడ్ వాడేకొద్దీ మసకబారుతుంది. కటకం మీద దుమ్ము, పొగ పేరుకుంటాయి. తల జారే పట్టాల మీది గ్రీజు ఎండి జిగటవుతుంది. ట్రేని తోసే రబ్బరు బెల్టు సాగిపోతుంది. ఈ లోపాలు అన్ని డిస్కుల మీదా ఒకేసారి బయటపడవు. 70 శాతం వెలుతురు పంపే అచ్చు సీడీ ఇంకా ఆడుతూనే ఉంటుంది, అంచుమీద నడిచే ఆర్‌డబ్ల్యూ ముందు ఆగిపోతుంది, ఆ తర్వాత రెండు పొరల డీవీడీలో రెండో పొర. యజమానికి మాత్రం 'ఆ డిస్కులే పాడయ్యాయి' అనిపిస్తుంది.

సీడీలు ఆడవు, డీవీడీలు ఆడతాయి అన్న వింత ఫిర్యాదుకూ సమాధానం ఇక్కడే ఉంది: లోపల రెండు లేజర్లున్నాయి, పరారుణమొక్కటే చచ్చింది. యూఎస్‌బీతో పనిచేసే పలుచటి డ్రైవులకు మరో రోగం. మోటారు పుంజుకునే క్షణంలో వాటికి కావాల్సిన కరెంటు ఒక యూఎస్‌బీ 2 పోర్టు ఇచ్చే 500 మిల్లీయాంపియర్లను దాటవచ్చు. అప్పుడు డిస్కు తిరగబోయి ఆగిపోతుంది, మళ్లీ తిరగబోతుంది. పోర్టు మారిస్తే పోయే జబ్బుకు డ్రైవును పారేసినవాళ్లు తక్కువేం కాదు.

## తేల్చుకోవడం, రాబట్టడం

లోపం ఎక్కడుందో తెలియాలంటే రెండు మార్పిడులు చాలు: ఆగిన డిస్కును వేరే ప్లేయరులో పెట్టడం, ఆగిన ప్లేయరులో ఇంతకుముందు బాగా ఆడిన అచ్చు డిస్కును పెట్టడం. రెండూ ఆడితే తప్పు జోడీది. వెసులుబాటు ఇద్దరి దగ్గరా కొంత కొంత తగ్గి, కలిసినప్పుడు హద్దు దాటింది.

చదవని డిస్కు నుంచి సమాచారం రాబట్టడంలో ఈ జోడీ సూత్రమే ఆసరా. ఒక డ్రైవు చదవలేని ముక్కలను మరో కంపెనీ డ్రైవు తరచూ చదువుతుంది, ఎందుకంటే కటకం, లేజరు, సంకేతాన్ని శుభ్రపరిచే తీరు ఒక్కోదానిలో ఒక్కోలా ఉంటాయి. చదివే వేగాన్ని తగ్గిస్తే వణుకు తగ్గి ఇంకొన్ని ముక్కలు దొరుకుతాయి. డీడీరెస్క్యూ లాంటి సాఫ్ట్‌వేర్ మొదటి డ్రైవులో వచ్చినంత తీసుకుని, రాని ముక్కల జాబితా రాసిపెట్టుకుంటుంది. డిస్కును రెండో డ్రైవులోకి మార్చాక ఆ ఖాళీలను మాత్రమే మళ్లీ అడుగుతుంది. మొదటి డ్రైవు వదిలేసిన ముక్కలు రెండో దానిలో, రెండోది వదిలేసినవి మూడో దానిలో దొరికి, చివరికి ఏ ఒక్క డ్రైవూ పూర్తిగా చదవలేని డిస్కు నుంచి పూర్తి నకలు బయటికి రావడం సాధ్యమే. దానికి కావలసింది రెండు మూడు వేర్వేరు తయారీల డ్రైవులు. అవి కొత్తవి దొరకడం ఏటికేడు తగ్గుతోంది కాబట్టి, ఆ పని పెట్టుకోదలచినవాళ్లు దాన్ని ఎంత తొందరగా మొదలుపెడితే అంత ఎక్కువ దక్కుతుంది.